పదిహేడో ప్రశ్న

దరఖాస్తులో నూర్‌బాషా అని చూసి
ఉర్దూ వచ్చనుకున్నారు.
నేనూ కాదనలేదు,
గంటకు పదమూడు పౌండ్లు మరి.
మా నరసరావుపేటలో అయితే
దూదేకులోళ్ళకు తురకం రాదని సాయిబులు నవ్వేవాళ్ళు,
వచ్చినా రాకపోయినా వీళ్ళూ సాయిబులేగా అని
మిగతా ఊరు.
బోల్టన్‌లో ఎవరికీ ఆ గొడవ తెలీదు.
ఇక్కడ నా పేరు ఒకటే గడిలో పడుతుంది.

డీన్ రోడ్డు, మసీదు వెనక గది.
ఆడవాళ్ళ కుట్టు క్లాసు అయిపోయాక
మిషన్ల మీద గుడ్డలు కప్పి
నాకో బల్ల ఇచ్చారు.
నలభై రెండు ప్రశ్నలు, ఒక రికార్డరు,
సంతకానికి రెండు కాగితాలు.
స్త్రీలు, మతం, అభివృద్ధి అని పైన అచ్చు.
అభివృద్ధి అంటే ఏందమ్మా అని
ఇంతవరకూ తొమ్మిదిమంది అడిగారు.
అడిగినట్టు రాసుకున్నాను.

హవాబెన్ భామ్జీ. డెబ్బై ఎనిమిది. భరూచ్ దగ్గర పల్లె.
గుజరాతీలో మొదలెట్టి, ఉర్దూలోకి దూకి,
చివరికి లాంకషైర్ యాసలో ఒడ్డెక్కుతుంది ఆమె మాట.
నా ఉర్దూ రెండు ముక్కలు విని
"నీకంటే మా పాత ఓవర్సీరు నయం" అంది.

మిల్లులో ఏం పని?
"కార్డింగ్ రూము. పదకొండేళ్ళు.
నల్లకోటుతో వెళ్ళి గొర్రెలా తిరిగొచ్చేదాన్ని."
నవ్వింది. నవ్వు దగ్గయింది.
చాలాసేపు దగ్గింది.

కార్డింగ్. అంటే ఏకడం.
మా నాయనమ్మ నాగూరమ్మ
వసారాలో కమాను వేలాడగట్టి
నారి మీద కొడుతుంటే
వీధి చివరిదాకా వినపడే మోత.
కనురెప్పల మీద వాలిన నూగు.
ఇదే దగ్గు.
ఫారంలో దీనికి గడి లేదు.

మతం అడ్డొచ్చిందా, అన్నది పదకొండో ప్రశ్న.
"వాళ్ళకు సిగరెట్టుకి అయిదు నిమిషాలు.
నేను తాగను కదా, ఆ అయిదూ జొహర్‌కి ఇమ్మన్నాను.
బేళ్ళ వెనక చోటు.
నేను సజ్దాలో ఉంటే బ్రెండా కాపలా కాసేది.
రాయి. అడ్డొచ్చినవి దూది ట్రాలీలని రాయి."
రాశాను.

పదిహేడు.
ఇంట్లో డబ్బు గురించి నిర్ణయం ఎవరిది?
భర్త. భార్య. ఇద్దరూ. ఇతరులు.
"జీతం కవరు చించకుండా ఆయన చేతిలో పెట్టేదాన్ని."
భర్త దగ్గర టిక్కు పెట్టబోయాను.
"ఓవర్‌టైము మాత్రం పిండి డబ్బాలో.
ఆ డబ్బా ఆయనెన్నడూ తెరవలేదు,
తెరిస్తే రొట్టెలు చెయ్యాల్సొస్తుందని భయం.
పెద్దదాని నర్సింగు చదువు ఆ పిండిలోంచే.
ఆయనకు తెలుసా అంటావా?
ఏమో.
మూత విరిగితే కొత్త డబ్బా తెచ్చిందీ ఆయనే.
పాతదానికన్నా పెద్దది."

పెన్ను గాల్లోనే ఉంది.
అప్పుడామె నా కోటు చేతిమీద
నాకు కనపడని నూగేదో ఏరుతూ
"మరి మీ ఇంట్లో ఎవరు, బేటీ?" అంది.

ఏకై వచ్చింది ప్రశ్న,
మేకై దిగింది.

ఇప్పుడు రాత్రి. చెవులకు హెడ్‌ఫోన్లు.
మూడు సెకన్లు దాటిన మౌనం
లెక్కగట్టి రాయాలని నియమం.
వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.
హీటరు చప్పుడు, బయట బస్సు ఆగి కదలడం,
ఆమె చిన్నగా దగ్గడం.
పదకొండు సెకన్లు.
మాట్లాడినవారు అన్న వరసలో
నా పేరే రాయాల్సొచ్చింది.

ఖాజావలి పక్కగదిలో నిద్రపోతున్నాడు.
మంచివాడు.
నా జీతం పడే ఖాతా పాస్‌వర్డు అతనికి తెలుసు.
అతనిది నాకు తెలీదు.
ఇంతకాలం ఇందులో చెప్పుకోడానికేముంది
అనుకున్నాను.

పదిహేడుకు కోడు రాయలేదేమని
ప్రొఫెసర్ హిలరీ మెయిలు.
ఇతరులు: పిండి డబ్బా, అని పంపాను.
దయచేసి వివరించండి, అని
నిమిషంలో జవాబు. ఆవిడా నిద్రపోలేదు.

వివరించలేదు.
బ్యాంకు పేజీ తెరిచాను.
పాతది కొట్టమంది. కొట్టాను, మా పెళ్ళి తేదీ.
కొత్తది ఏమిటంటోంది.

పదకొండు సెకన్లు.
పన్నెండు.